సర్వర్లు పెంచితే బెర్తులు పెరగవు

ఏసీ తత్కాల్ పొద్దున పది గంటలకు తెరుచుకుంటుంది. పదీ రెండు కల్లా టికెట్ దొరకనివాళ్ళంతా ఒక తీర్పుకు వచ్చేస్తారు: సర్వర్లు చాలట్లేదు. ఇంట్లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే అల్లుడో మేనల్లుడో ఉంటే ఆ తీర్పుకు శాస్త్రం కూడా తోడవుతుంది. వాళ్ళది పాతకాలపు రిలేషనల్ డేటాబేసు, ఇంత లోడు మొయ్యలేదు. ప్రోగ్రామంతా ఒకే ముద్ద, దాన్ని మైక్రోసర్వీసులుగా విడగొట్టాలి. డేటాను నోఎస్‌క్యూఎల్‌లోకి మార్చాలి. క్లౌడ్‌లో పెట్టి ఆటోస్కేలింగ్ ఆన్ చేస్తే జనం ఎంతమంది వచ్చినా సైటు దానంతటదే పెరుగుతుంది. పరీక్షా ఫలితాల రోజున ఇదే ఉపదేశం, తిరుమల దర్శనం టికెట్లు విడుదలైన రోజున ఇదే ఉపదేశం.

ఈ మాట చెప్పేవాళ్ళు అమాయకులేమీ కాదు. అమీర్‌పేట కోచింగ్ సెంటర్ల నుంచి పెద్ద కంపెనీల ఇంటర్వ్యూ గదుల దాకా 'సిస్టమ్ డిజైన్' అంటే బోర్డు మీద డబ్బాలు గీయడంగా మారిపోయింది. లోడ్ బ్యాలెన్సర్ ఒక డబ్బా, కాఫ్కా ఒక డబ్బా, కసాండ్రా ఒకటి, రెడిస్ ఒకటి, వాటి మధ్య బాణాలు. పొడుగు లింకును పొట్టి లింకుగా మార్చే చిన్న సర్వీసును డిజైన్ చెయ్యమన్నా ఇన్ని డబ్బాలూ పడతాయి. రోజుకు ఎన్ని లింకులు వస్తాయి, ఒక్కోటి ఎన్ని బైట్లు అని తిరిగి అడిగే అభ్యర్థి మీద ఇంటర్వ్యూ చేసేవాడికే కాస్త విసుగు. అక్కడ అబ్బిన ఈ అలవాటు తర్వాత ఆఫీసు ప్రాజెక్టుల్లోకి, ఆపైన ప్రభుత్వ టెండర్లలోకి నడిచొస్తుంది.

ఈ వాదం మొత్తం రద్దీ ఎంత అనే ఒక్క ప్రశ్న మీద నిలబడి ఉంది. ఆ రద్దీ డేటాబేసులో ఏ వరుస మీద పడుతోంది, ఏ సెకనులో పడుతోంది, అడిగినవాడే ఎన్నిసార్లు అడుగుతున్నాడు అన్నది అది పట్టించుకోదు. సైట్లు కూలేది ఎక్కువగా అక్కడే.

తత్కాల్‌నే తీసుకుందాం. లెక్క కోసం ఒక రైలు, ఒక తరగతి, వంద బెర్తులు అనుకోండి. పది గంటల మొదటి సెకనులో పదివేల మంది వచ్చారు. వాళ్ళకు పేజీలు చూపించడానికి ఎన్ని వెబ్ సర్వర్లైనా పెట్టుకోవచ్చు, అది పంచుకోగలిగే పనే. కానీ ప్రతి బుకింగూ చివరికి ఒకే చోటికి రావాలి: ఈ రైల్లో, ఈ తేదీన, ఈ తరగతిలో ఇంకా ఎన్ని మిగిలాయి అనే ఒక్క లెక్క దగ్గరికి. అక్కడ ఒకరి పని పూర్తయ్యాకే ఇంకొకరిది మొదలవ్వాలి, లేకపోతే ఒకే బెర్తు ఇద్దరికి అమ్ముడవుతుంది. అందుకే డేటాబేసు ఆ వరుసకు లాక్ వేసి, లెక్క మార్చి, లాక్ వదులుతుంది. ఒక్కో బుకింగు ఆ లాక్‌ను ఐదు మిల్లీసెకన్లు పట్టుకుంటే సెకనుకు రెండు వందలకు మించి జరగవు. ముందు వెబ్ సర్వర్లు పదున్నా వెయ్యున్నా ఆ రెండు వందలు రెండు వందలే.

వెయ్యి పెడితే పరిస్థితి ఇంకా దిగజారుతుంది. ప్రతి వెబ్ సర్వరూ డేటాబేసుకు కొన్ని కనెక్షన్లు తెరుస్తుంది. పోస్ట్‌గ్రెస్ అనే రిలేషనల్ డేటాబేసులో మనమేమీ మార్చకపోతే పరిమితి 100 కనెక్షన్లు. పెంచుకోవచ్చు గానీ అందులో ఒక్కో కనెక్షనుకు ఒక్కో ప్రాసెస్, దానికి మెమరీ ఖర్చు. లాక్ కోసం ఆగినవాళ్ళు కనెక్షన్ వదలకుండానే ఆగుతారు. కాసేపటికి ఉన్న కనెక్షన్లన్నీ ఆగినవాళ్ళ చేతుల్లోనే ఉంటాయి. అప్పుడు ఆ రైలుతో ఏ సంబంధమూ లేకుండా, కేవలం పీఎన్ఆర్ స్టేటస్ చూసుకుందామని వచ్చినవాడికి కూడా పేజీ తెరుచుకోదు. అతను రిఫ్రెష్ కొడతాడు. మొదటి రిక్వెస్టు లోపల ఇంకా బతికే ఉంది, రెండోది దాని వెనకాల చేరుతుంది. బయటివాళ్ళకు ఇదంతా 'సర్వర్ డౌన్'. లోపల చూస్తే డేటాబేసు మెషీన్ ప్రాసెసర్ సగానికి పైగా ఖాళీగా ఉన్నా ఆశ్చర్యం లేదు.

ఈ ఆగడానికి ఒక లెక్క ఉంది, దాన్ని 1961లో జాన్ లిటిల్ రుజువు చేశాడు. సెకనుకు వచ్చే పనుల సంఖ్యను ఒక్కో పనికి పట్టే సమయంతో గుణిస్తే, ఏ క్షణాన చూసినా సగటున లోపల ఎన్ని పనులు ఉంటాయో తెలుస్తుంది. సెకనుకు వెయ్యి రిక్వెస్టులు, ఒక్కోదానికి 50 మిల్లీసెకన్లు అయితే లోపల ఉండేవి 50. అదే వెయ్యి రిక్వెస్టులు ఒక్కోటి రెండు సెకన్లు తీసుకుంటే లోపల 2,000. వచ్చే జనం ఒక్కరు కూడా పెరగలేదు. ఎక్కడో ఒక క్వెరీ నెమ్మదించింది, అంతే. ఆ క్వెరీ నెమ్మదించడానికి కారణం చాలాసార్లు చెప్పుకోవడానికి సిగ్గుపడేంత చిన్నది. కోటి వరుసల పట్టికలో సరైన ఇండెక్స్ ఉంటే డేటాబేసు నాలుగైదు పేజీలు చదివి కావలసిన వరుసను పట్టుకుంటుంది. ఇండెక్స్ లేకపోతే ప్రతి రిక్వెస్టుకూ పట్టికంతా తిరగాలి. లేదా యాభై వస్తువుల జాబితా చూపించే పేజీ ఒక క్వెరీతో పోయేదానికి యాభై ఒకటి పంపుతుంటుంది. రాసిన ప్రోగ్రామర్‌కు ఆ సంగతి తెలియదు, ఎందుకంటే క్వెరీలు రాసింది అతను కాదు, అతను వాడిన లైబ్రరీ. ఇలాంటి చోట సర్వర్లు పెంచడమంటే అదే తప్పును ఎక్కువ మెషీన్ల మీద ఏకకాలంలో చేయించడం.

2025 జూన్‌లో రైల్వే శాఖ స్వయంగా చెప్పిన సంగతులు చూడండి. తత్కాల్ తెరిచిన మొదటి ఐదు నిమిషాల్లో జరిగే లాగిన్ ప్రయత్నాల్లో సగం దాకా బాట్లవే. 2.5 కోట్ల యూజర్ ఐడీలను నిలిపేశారు. జూలై 1 నుంచి ఆన్‌లైన్ తత్కాల్‌కు ఆధార్ ధ్రువీకరణ తప్పనిసరి చేశారు, ఏజెంట్లకు మొదటి అరగంట తలుపు మూశారు. ఆ రోజుల్లోనే నిమిషానికి 32,000 టికెట్ల సామర్థ్యాన్ని లక్షన్నరకు పెంచే కొత్త రిజర్వేషన్ వ్యవస్థను కూడా ప్రకటించారు. ఎక్కువమంది నోళ్ళలో నానింది లక్షన్నర. ఆ అప్‌గ్రేడ్ అనవసరమని నేననడం లేదు, మొత్తం దేశానికి అది కావాలి. కానీ పండగ ముందు రోజు సికింద్రాబాద్ నుంచి విశాఖ వెళ్ళే రైలుకు దానివల్ల ఒక్క బెర్తు కూడా పెరగదు. ఉన్నవి ఇంకా త్వరగా అయిపోతాయి. రెండు నిమిషాలు ఆశపడేవాడు ఇక ఇరవై సెకన్లే ఆశపడతాడు. సామాన్యుడికి నిజంగా ఉపయోగపడింది, సామర్థ్యంతో పోలిస్తే ఎవరూ పెద్దగా మాట్లాడని మొదటి పని: ఏ హక్కూ లేని రద్దీని గుమ్మం దగ్గరే ఆపడం.

పాత వ్యవస్థ అని ఈసడించుకునే దాని గురించి కూడా ఒక మాట. రైల్వే రిజర్వేషన్ డేటా దశాబ్దాలుగా ఐదు కేంద్రాల్లో ఉంది: ఢిల్లీ, ముంబై, కోల్‌కతా, చెన్నై, సికింద్రాబాద్. ఏ రైలు లెక్క ఏ కేంద్రానిదో అక్కడే ఉంటుంది, ఏ ఊరి కౌంటర్ నుంచైనా దాన్ని అందుకోవచ్చు. 1999 నాటికే ఐదింటినీ కలిపేశారు. ఇవాళ కుర్రాళ్ళు 'షార్డింగ్' అని గొప్పగా చెప్పుకునేది ఇదే. రైలు రైలుకూ మధ్య లావాదేవీ దాదాపు ఉండదు కనుక అక్కడ విడగొడితే ఎవరికీ నొప్పి లేదు. ఓపెన్‌వీఎంఎస్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ మీద ఆ వ్యవస్థను రాసినవాళ్ళు ఎక్కడ విడగొట్టాలో తెలిసి విడగొట్టారు.

కోవిడ్ టీకాల సైటు కోవిన్ విషయంలో జరిగిన అన్యాయం ఇంతకన్నా ఎక్కువ. పద్దెనిమిదేళ్ళు దాటినవాళ్ళకు రిజిస్ట్రేషన్ మొదలైన 2021 ఏప్రిల్ 28 సాయంత్రం సైటు కాసేపు తడబడింది, ఓటీపీలు ఆలస్యంగా వచ్చాయి. కూలిపోయిందని దేశమంతా గోల. ఆ ఒక్కరోజే 1.3 కోట్ల మందికి పైగా నమోదయ్యారు. జనాన్ని తర్వాత వారాల తరబడి ఏడిపించింది స్లాట్లు లేకపోవడం. స్లాట్లు ఎందుకు లేవంటే టీకాలు లేవు కనుక. దానికి ఏ డేటాబేసు మార్చాలో ఎవరైనా చెబితే వినాలని ఉంది.

ఉన్నది కొంచెం, కావలసినవాళ్ళు ఎంతోమంది అన్నప్పుడు వ్యవస్థను ఎలా కట్టాలో తెలుగువాళ్ళకు ఇంకొకరు నేర్పనక్కర్లేదు. తిరుమలలో గర్భాలయ ద్వారాన్ని ఎవరూ వెడల్పు చెయ్యలేరు. గంటకు ఎంతమంది ఆ ద్వారం ముందు నడవగలరో అంతమందే. అందుకే వైకుంఠం క్యూ కాంప్లెక్స్ ఉంది, కంపార్ట్‌మెంట్లు ఉన్నాయి, సమయం రాసిన టోకెన్లు ఉన్నాయి. వచ్చిన అందరినీ మహాద్వారం దాకా వదిలేసి లోపల స్తంభాలు బలంగా కట్టించామని ఎవరూ అనరు. సాఫ్ట్‌వేర్‌లో దీనికి సరిసమానమైనది చిన్న పనే: లోపల ఏకకాలంలో ఎన్ని బుకింగులు నడవగలవో కొలిచి, అంతమందిని పంపి, మిగతావాళ్ళకు ఒక నంబరిచ్చి, పేజీ రిఫ్రెష్ చెయ్యొద్దని చెప్పి కూర్చోబెట్టడం. ఆ వేచి ఉండే పేజీకి డేటాబేసుతో పని లేదు, లక్షల మందికి చూపించవచ్చు. బెర్తును కేటాయించేటప్పుడు లాక్ క్షణంలో వదిలేసి, డబ్బు కట్టడానికి కొన్ని నిమిషాల గడువిచ్చి, కట్టకపోతే వెనక్కి తీసుకోవాలి. పేమెంట్ అయ్యేదాకా లాక్ పట్టుకుని కూర్చునే కోడ్ రాసినవాడికి ఏ క్లౌడూ సాయం చెయ్యలేదు. వంద బెర్తులకు పదివేల మంది వచ్చినప్పుడు తొమ్మిదివేల తొమ్మిది వందల మందికి 'లేదు' అని చెప్పక తప్పదు. అది మొదటి సెకనులోనే మర్యాదగా చెప్పడమా, పది నిమిషాలు చక్రం తిప్పి చెప్పడమా అన్నదే డిజైన్ చేసేవాడి చేతిలో ఉన్నది.

ఇక రెండో మూఢనమ్మకం: రిలేషనల్ డేటాబేసు పెద్ద రద్దీకి పనికిరాదు. ముందు పెద్ద రద్దీ అంటే ఎంతో చూద్దాం. 'మా సైటుకు రోజుకు పది లక్షల హిట్లు' అని ఛాతీ విరిచి చెప్పేవాళ్ళున్నారు. రోజుకు 86,400 సెకన్లు. భాగిస్తే సెకనుకు పన్నెండు కూడా రావు. సాయంత్రం వేళ దానికి పదింతలు వచ్చిందనుకున్నా నూట ఇరవై. ఓ మోస్తరు మెషీన్ మీద, సరిగ్గా ఇండెక్స్ చేసిన పోస్ట్‌గ్రెస్‌కో మైఎస్‌క్యూఎల్‌కో ఇది శ్రమే కాదు.

పెద్ద లెక్కే కావాలంటే అదీ ఉంది. ప్రపంచంలోని ప్రోగ్రామర్లంతా తలుపు తట్టే స్టాక్ ఓవర్‌ఫ్లో 2016 ఫిబ్రవరి 9 నాటి లెక్కలను బయటపెట్టింది. ఆ రోజు దాదాపు 21 కోట్ల రిక్వెస్టులు, అందులో 6.6 కోట్ల పేజీలు, వాటికోసం 50 కోట్ల ఎస్‌క్యూఎల్ క్వెరీలు. వెబ్ సర్వర్లు 11. డేటాబేసు సర్వర్లు 4, అందులోనూ రెండు అక్కరకు వస్తాయని పక్కన ఉంచుకున్నవి. అదంతా ఒకే పెద్ద ప్రోగ్రాము, మైక్రోసాఫ్ట్ ఎస్‌క్యూఎల్ సర్వర్ మీద. వికీపీడియా పీహెచ్‌పీ మీద, మరియాడీబీ మీద, ముందు దట్టమైన క్యాష్‌తో నడుస్తోంది. 2025 మేలో పోస్ట్‌గ్రెస్ డెవలపర్ల సదస్సులో ఓపెన్ఏఐ ఇంజనీర్ చెప్పిన ప్రకారం చాట్‌జీపీటీ వెనకాల కీలకమైన డేటాబేసుల్లో రాతలన్నీ ఒకే ప్రైమరీ పోస్ట్‌గ్రెస్‌కు వెళ్తాయి, చదవడానికి డజన్ల కొద్దీ నకళ్ళు (రెప్లికాలు), షార్డింగ్ లేదు. రాతలు మరీ ఎక్కువున్న పనులను వాళ్ళు వేరే చోటికి తరలించారు, ఆ సంగతి దాచనక్కర్లేదు. అయినా మన ఊళ్ళో మూడు వేలమంది వాడే యాప్‌కు పోస్ట్‌గ్రెస్ చాలదనేవాడు ఈ వాక్యం ముందు కాసేపు ఆగాలి.

నోఎస్‌క్యూఎల్ ఎక్కడ పుట్టిందో కూడా గుర్తు చేసుకుందాం. గూగుల్ బిగ్‌టేబుల్ పత్రం 2006లో వచ్చింది, అమెజాన్ డైనమో పత్రం 2007లో. ఆ రెండు కంపెనీలకూ మెషీన్లు వేలల్లో ఉన్నాయి, అవసరం నిజమైనది. లావాదేవీలు, జాయిన్లు వదులుకుంటేనే వాళ్ళకు ఆ విస్తారం దక్కింది. పత్రాలు చదివిన ప్రపంచం ఆ వదులుకోవడాన్నే గొప్పతనం అనుకుంది. ఆరేళ్ళు తిరక్కుండా 2012లో గూగుల్ స్పానర్ పత్రంతో వచ్చి, ప్రోగ్రామర్లకు లావాదేవీలు ఇవ్వడమే మేలని, అవి లేక ప్రతివాడూ సొంతంగా కోడు రాసుకుని చిక్కుల్లో పడటం అంతకన్నా చేటని తేల్చింది. గూగుల్ ప్రకటనల వ్యాపారపు డేటా అప్పటిదాకా ఉన్నది షార్డ్ చేసిన మైఎస్‌క్యూఎల్‌లో. అది వెళ్ళింది స్పానర్ మీద కట్టిన, ఎస్‌క్యూఎల్ మాట్లాడే డేటాబేసుకు. మాంగోడీబీ కూడా 2018లో పలు డాక్యుమెంట్లకు కలిపి లావాదేవీలు తెచ్చుకుంది. గురువులు తిరిగొచ్చేశారు, శిష్యులు ఇంకా అడవిలోనే తిరుగుతున్నారు.

డేటాను వందల మెషీన్ల మీద పరిస్తే రద్దీ తనంతట తాను సర్దుకుంటుందనుకోవడమూ పొరపాటే. డిస్కార్డ్ అనే చాట్ యాప్ తన మెసేజీలను 177 కసాండ్రా నోడ్ల మీద పెట్టింది. లక్షల మంది ఉన్న ఒక గ్రూపులో అందరికీ కలిపి ఒక ప్రకటన వస్తే అందరూ ఒక్కసారిగా అదే చోటు చదవడానికి వచ్చేవాళ్ళు. ఆ డేటా ఉన్న కొద్ది నోడ్ల మీదే భారమంతా పడేది, మిగతావి చూస్తూ ఉండేవి. తర్వాత వాళ్ళు స్కిల్లాడీబీకి మారారు, నోడ్లు 72కు తగ్గాయి. కానీ నాకు ఆ కథలో ముఖ్యమనిపించేది డేటాబేసు ముందు వాళ్ళు పెట్టిన చిన్న అడ్డు: ఒకే వరుస కోసం ఏకకాలంలో వెయ్యిమంది వస్తే ఒక్క క్వెరీయే లోపలికి వెళ్తుంది, జవాబు వెయ్యిమందికీ పంచుతారు. వికీపీడియా ఈ పాఠాన్ని చాలాముందే నేర్చుకుంది. 2009 జూన్ 25న మైకేల్ జాక్సన్ చనిపోయినప్పుడు ఆ పేజీని ఎవరో ఒకరు మారుస్తూనే ఉన్నారు, మార్చిన ప్రతిసారీ క్యాష్‌లో ఉన్నది చెల్లదు, ఆ క్షణాన వచ్చిన వేలమంది కోసం వేల సర్వర్ ప్రాసెసులు అదే పేజీని విడివిడిగా మొదటినుంచి తయారుచెయ్యబోయి సైటును కుదిపేశాయి. దాని తర్వాతే పూల్‌కౌంటర్ అనే చిన్న ప్రోగ్రాము రాశారు. ఒకరు వండుతుంటే మిగతావాళ్ళు ఆగాలి, అంతే దాని పని. క్యాష్ పెట్టామని చెప్పే ఎన్ని ప్రాజెక్టుల్లో ఆ క్యాష్ చెల్లని క్షణంలో ఏం జరుగుతుందో ఆలోచించారో నాకు అనుమానమే.

మెషీన్లు ఎక్కువైతే వేగం ఎక్కువన్న నమ్మకానికి 2015లో ఫ్రాంక్ మెక్‌షెర్రీ, మైకేల్ ఇసార్డ్, డెరెక్ ముర్రే కలిసి ఒక చిన్న పత్రంతో గట్టి దెబ్బ వేశారు. పెద్ద గ్రాఫుల మీద పేజ్‌ర్యాంక్ లాంటి లెక్కలు చేసే పేరున్న క్లస్టర్ వ్యవస్థల ఫలితాలు తీసుకుని, అవే లెక్కలను ఒక ల్యాప్‌టాప్ మీద ఒకే థ్రెడ్‌తో చేసి చూపించారు. 128 కోర్ల మీద నడిచిన వ్యవస్థల్లో కొన్నింటిని ఆ ఒంటరి ల్యాప్‌టాప్ దాటిపోయింది. మెషీన్ల మధ్య మాటలకే ఆ క్లస్టర్ల సమయం ఎంతో పోతోంది.

మైక్రోసర్వీసుల దగ్గర ఈ మాటల ఖర్చు ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. ఒకే ప్రోగ్రాములో ఒక ఫంక్షన్ ఇంకో ఫంక్షన్‌ను పిలిస్తే నానోసెకన్ల పని. దాన్నే నెట్‌వర్క్ మీద వేరే సర్వీసుగా పెడితే, ఒకే డేటా సెంటర్‌లో ఉన్నా వెళ్ళి రావడానికి సుమారు అర మిల్లీసెకను. వేల రెట్ల కన్నా ఎక్కువ తేడా. పైగా ఫంక్షన్ పిలుపు తెగిపోదు, నెట్‌వర్క్ పిలుపు తెగుతుంది. ఒక్కో సర్వీసు 99.9 శాతం సమయం పనిచేస్తుందనుకోండి, నెలకు 43 నిమిషాలు మాత్రమే ఆగుతుంది, బాగానే ఉంది. ఒక ఆర్డరు పూర్తవ్వాలంటే అలాంటివి ఇరవై వరసగా పనిచెయ్యాలంటే మొత్తం 98 శాతానికి పడిపోతుంది. అంటే నెలకు 14 గంటలు. ఆ ఇరవైలో ప్రతి ఒక్కటీ బాగానే పనిచేస్తోందని దాని బృందం నిజాయితీగా చెబుతుంది, అదీ నిజమే. ఒకే డేటాబేసులో ఒక లావాదేవీగా జరిగిపోయే పని, డబ్బు తీసుకో, సరుకు తగ్గించు, రసీదు ఇవ్వు, ఇప్పుడు మూడు డేటాబేసుల మధ్య చీలిపోతుంది. మధ్యలో ఆగిపోతే డబ్బు తీసుకుని సరుకు ఇవ్వని స్థితి మిగులుతుంది. దాన్ని సరిదిద్దడానికి ఇంకో సర్వీసు.

నెట్‌ఫ్లిక్స్ చేసింది కదా అంటారు. నెట్‌ఫ్లిక్స్‌కు వందల బృందాలున్నాయి. ఒకరి కోసం ఒకరు ఆగకుండా కోడ్ విడుదల చెయ్యడం వాళ్ళ సమస్య. అది మనుషుల్ని సర్దుకునే సమస్య, రద్దీ సమస్య కాదు. ఆరుగురు ఇంజనీర్లున్న స్టార్టప్‌కు ముప్పై సర్వీసులు ఎందుకు? అమెజాన్ ప్రైమ్ వీడియోలో వీడియో నాణ్యతను గమనించే ఒక పనిముట్టును విడివిడి సర్వర్‌లెస్ ముక్కలుగా కట్టారు. అనుకున్న లోడులో చిన్న భాగానికే అది గోడ తగిలింది. దాన్ని తిరిగి ఒకే ప్రోగ్రాముగా కలిపితే ఖర్చు 90 శాతం తగ్గిందని ఆ బృందమే 2023లో రాసింది. ప్రైమ్ వీడియో అంతా అలా మార్చారని ఆ రాతలో లేదు, నేనూ అనను. కానీ ఆ ముక్కల సేవలన్నీ అమ్మేది అమెజానే కనుక ఆ సాక్ష్యానికి కొంచెం బరువు ఎక్కువ.

ఆటోస్కేలింగ్ గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. కొత్త మెషీన్ లేచి, ప్రోగ్రాము ఎక్కించుకుని, పనికి సిద్ధమవ్వడానికి నిమిషాలు పడుతుంది. రద్దీ సెకనులో వస్తుంది. 2019 ప్రపంచ కప్ సెమీఫైనల్‌ను హాట్‌స్టార్‌లో ఏకకాలంలో 2.53 కోట్ల మంది చూశారు. ధోనీ రనౌట్ అయ్యాడు. జనం చూడటం మానేశారు కదా, లోడు తగ్గాలి కదా? తగ్గింది వీడియో లోడు. కోట్లమంది ఒకేసారి 'బ్యాక్' నొక్కి హోమ్ పేజీకి వచ్చిపడ్డారు. వీడియో చూసేంతసేపూ ఆ హోమ్ పేజీ సర్వర్లకు పెద్దగా పని లేదు, గ్రాఫ్ చూసి మెషీన్లు తగ్గించే ఆటోస్కేలింగ్ ఉంటే సరిగ్గా అప్పుడే మునిగేది. ఆ ఇంజనీర్లు మామూలు ఆటోస్కేలింగ్‌ను నమ్ముకోలేదు; ముందే లెక్కవేసి మెషీన్లు సిద్ధం చేసుకున్నారు, అవసరమైతే సిఫార్సుల లాంటి హంగులు ఆపేసి మ్యాచ్ మాత్రం ఆడేలా ఏర్పాటు చేసుకున్నారు. క్రికెట్ చూసే మనిషి వేలు ఎప్పుడు ఎక్కడ నొక్కుతుందో వాళ్ళకు తెలుసు.

అడిగినవాడే మళ్ళీ మళ్ళీ అడగడం ఎంత చేటో 2025 ఏప్రిల్ 12న యూపీఐ చూపించింది. ఆ రోజు గంటల తరబడి చెల్లింపులు తడబడ్డాయి. టీ కొట్టు దగ్గర జనం ఎక్కువగా స్కాన్ చేసినందుకు కాదు. లావాదేవీ ఏమైందో చెప్పమని బ్యాంకుల సర్వర్లు పంపే స్టేటస్ రిక్వెస్టులు, పాత లావాదేవీల మీద కూడా, వెల్లువెత్తాయని యూపీఐని నడిపే ఎన్‌పీసీఐ తేల్చింది. జవాబు ఆలస్యమైతే వెంటనే మళ్ళీ అడుగు అని ఎవరో రాసిన కోడు అది. వ్యవస్థ నెమ్మదించినకొద్దీ ప్రశ్నలు ఎక్కువవుతాయి, ప్రశ్నలు ఎక్కువైనకొద్దీ ఇంకా నెమ్మదిస్తుంది. దీనికి మందుగా ఎన్‌పీసీఐ స్టేటస్ ఎన్నిసార్లు అడగవచ్చో పరిమితి పెట్టింది. ఆగస్టు 1 నుంచి ఒక యాప్‌లో బ్యాలెన్స్ రోజుకు 50 సార్లే చూడనిచ్చింది. ఆ నెలలోనే యూపీఐ మొదటిసారి 2,000 కోట్ల లావాదేవీలు దాటింది. అంత పెద్ద వ్యవస్థ కూడా 'ఆగు' అనడం నేర్చుకోవలసి వచ్చింది.

ఇంత విన్నాక ఒక సమాధానం వస్తుందని నాకు తెలుసు: ఇవాళ చిన్నదే, రేపు పెద్దదైతే? అప్పుడు మొత్తం తిరగరాయాలి కదా? నిజమే, కొంత తిరగరాయాలి. ట్విట్టర్ రైల్స్‌లో మొదలై, తిమింగలం బొమ్మ చూపిస్తూ పలుమార్లు కూలి, తర్వాత భాగాలు భాగాలుగా తిరగరాసుకుంది. కూలినా జనం పోలేదు. ఫేస్‌బుక్ ఇప్పటికీ మైఎస్‌క్యూఎల్‌ను వదల్లేదు. ఇన్‌స్టాగ్రామ్‌ను 2012 ఏప్రిల్‌లో ఫేస్‌బుక్ వంద కోట్ల డాలర్లకు కొన్నప్పుడు ఉద్యోగులు 13 మంది, యూజర్లు దాదాపు 3 కోట్లు, వాడింది జాంగో, పోస్ట్‌గ్రెస్. అంతలోనే వాళ్ళు షార్డింగ్ కూడా చేశారు, ఎందుకంటే ముఖ్యమైన డేటా అంతా ఒక మెషీన్ మెమరీలో పట్టదని తెలుసుకున్నారు. యూజర్‌ను బట్టి విడగొట్టారు, ఐడీలు పుట్టించే పని పోస్ట్‌గ్రెస్‌లోనే చిన్న ఫంక్షన్‌కు అప్పగించారు. షార్డింగ్‌కు నేను వ్యతిరేకిని కాను. రాతలు ఒక మెషీన్‌కు మించాయని రుజువైనప్పుడు అది తప్పదు. ఎక్కడ కోయాలో వాడకం చూశాకే తెలుస్తుంది. వాడకమే లేని రోజున ఊహించి కోస్తే, రేపు రెండు ముక్కలనూ కలిపే క్వెరీయే అన్నిటికన్నా ఎక్కువగా వస్తుంది, అప్పుడు ఏడవాలి.

మన రాష్ట్రాల్లో ఏటా జరిగే ఫలితాల రోజునే తీసుకోండి. అది అసలు డేటాబేసు సమస్యే కాదు. విడుదలైన తర్వాత ఆ రోజుకు మార్కులు మారవు. పది లక్షల మంది విద్యార్థులు, ఒక్కొక్కరికి రెండు కిలోబైట్ల చిన్న పేజీ అనుకుంటే మొత్తం రెండు గీగాబైట్లు. జేబులో ఫోను మెమరీలో పడుతుంది. ముందురోజు రాత్రే హాల్ టికెట్ నంబరు, పుట్టినతేదీ కలిపిన ఒక సంకేతానికి ఒక ఫైలు చొప్పున తయారుచేసి, దేశమంతా సర్వర్లున్న సీడీఎన్‌కు ఇచ్చేస్తే మర్నాడు ఎంతమంది వచ్చినా ఏ క్వెరీ నడవదు. దీనికి కాఫ్కా అక్కర్లేదు, పిల్లలు మధ్యాహ్నం దాకా రిఫ్రెష్ కొట్టుకుంటూ కూర్చోనక్కర్లేదు.

అయినా ఇలాంటి పనికి కూడా 'క్లౌడ్ ఆధారిత మైక్రోసర్వీసుల నిర్మాణం, ఎంత రద్దీకైనా విస్తరించగలగాలి' అని అడిగే ధోరణి పోవడం లేదు. ఎంత రద్దీకైనా అన్న మాటకు బిడ్డరు ఏ ధరైనా కోట్ చెయ్యవచ్చు, ఏదీ నిరూపించనక్కర్లేదు. ఆ వాక్యాన్ని కొట్టేసి ఇవి అడగాలి: తలుపు తెరిచిన మొదటి సెకనులో ఎన్ని రిక్వెస్టులు వస్తాయని లెక్కవేశారు? అందరూ కలిసి ఒకే వరుసను మార్చే చోటు ఏది, దాని మీద లాక్ ఎన్ని మిల్లీసెకన్లు ఉంటుంది? సామర్థ్యానికి మించి వచ్చినవాళ్ళకు ఏ పేజీ కనిపిస్తుంది, ఆ పేజీకి డేటాబేసు అవసరమా? జవాబు రాకపోతే మీ యాప్ ఎన్ని సెకన్లకు, ఎన్నిసార్లు మళ్ళీ అడుగుతుంది? అసలు డేటా అంత పరిమాణంతో, అసలు రద్దీ ఆకారంతో చేసిన లోడ్ టెస్ట్ ఫలితం ఏది? వీటికి అంకెలు ఇవ్వలేని బిడ్డును, అందులో ఎన్ని డబ్బాలు గీసి ఉన్నా, సాంకేతిక దశలోనే పక్కన పెట్టేయాలి.